పడవ ముందు భాగంలో నిలబడే చోటు

గత ఏడాది సెప్టెంబరులో ఒక ఆదివారం, టెక్సస్‌లోని రే రాబర్ట్స్ లేక్‌లో, పడవ ముందు భాగంలో నేను కట్టిన చెక్క డెక్ మీద నిలబడి మా పాప గాలం విసిరింది. అది నీళ్లలో మోడుబారి నిలబడ్డ చెట్టు కొమ్మకు తగులుకుంది. విడిపిద్దామని వెనక సీట్లోంచి లేచి నేనూ అదే పక్కకి ఒక్క అడుగు వేశాను. పడవ అటు ఒరిగిపోయింది. పాప మోకాళ్ల మీద కూలబడి అంచు గట్టిగా పట్టుకుంది. నాలుగైదు చెంబుల నీళ్లు లోపలికి వచ్చాయి, పడవ మళ్లీ నిలదొక్కుకుంది. అంతకు మించి ఏమీ జరగలేదు. లైఫ్ జాకెట్ వేసుకునే ఉంది, నీళ్లు చల్లగా కూడా లేవు. అయినా లిటిల్ ఎల్మ్‌లో మా ఇంటికి వచ్చేదాకా స్టీరింగ్ మీద నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. పాపకి అప్పటికి ఎనిమిదేళ్లు.

ఆ డెక్‌ని ఈ ఏడాది ఏప్రిల్‌లో పీకేశాం. మా మామయ్యగారూ నేనూ కలిసి దాని స్థానంలో ఇంకొకటి కట్టాం. ఇక్కడ డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది సెకండ్‌హ్యాండ్‌లో చిన్న అల్యూమినియం పడవలు కొంటున్నారు. కొన్న ప్రతివాళ్లూ మొదట చేసే పని ముందు భాగంలో డెక్ వేయడమే. మా పడవ చూసి ఇద్దరు స్నేహితులు కొలతలు అడిగారు. కొలతలు ఒక్కటే ఇస్తే సరిపోదనిపించి ఇది రాస్తున్నాను.

మాది జాన్ బోట్. అడుగు చదునుగా, ముందు కొస మొనదేలకుండా పలకలా ఉండే రకం. పొడవు 14 అడుగులు, అడుగుభాగం వెడల్పు 48 అంగుళాలు, పక్క గోడల ఎత్తు 20 అంగుళాలు. లోపల అడ్డంగా మూడు బెంచీలు. దాని మీద 9.9 హార్స్‌పవర్ మోటారు. కాలనీ నియమాల ప్రకారం వాకిట్లో పడవ పెట్టకూడదు కాబట్టి ట్రైలర్‌తో సహా గ్యారేజీలో ఏటవాలుగా ఇరికిస్తాను. కారు ఎండలో ఉంటుంది.

ఈ పడవలో బెంచీ మీద కూర్చుని కూడా చేపలు పట్టొచ్చు. కానీ లార్జ్‌మౌత్ బాస్ అనే చేప కోసం వెళ్లేవాళ్లు గంటకి ఎన్నో పదులసార్లు విసురుతారు. కూర్చుని విసిరితే చెయ్యి పూర్తిగా తిరగదు, రాడ్ కొన వెళ్లి పక్క గోడకి తగులుతుంది. చేప కొరికిన క్షణంలో రాడ్‌ని ఒక్క గుంజు గుంజాలి, దానికి నడుము కావాలి. నిలబడితే ఇంకో లాభం ఉంది. కన్ను ఎత్తులో ఉంటే నీటి మీద మెరుపు తగ్గి లోపల మునిగిన కొమ్మలు, నాచు కనపడతాయి. గాలం ఎక్కడ వేయకూడదో తెలుస్తుంది. అందుకే ముందు భాగంలో గట్టి చదును కావాలి. దాన్నే ఇక్కడ కాస్టింగ్ డెక్ అంటారు.

మొదటిసారి నేను చేసిన తప్పుల్లో పెద్దది, ఎత్తు. డెక్‌ని 18 అంగుళాల ఎత్తున పెట్టాను. పక్క గోడల పైఅంచుతో దాదాపు సమానంగా వస్తుంది, చూడ్డానికి కంపెనీ బాస్ బోట్‌లా ఉంటుంది, కింద సామాన్లకి బోలెడు చోటు దొరుకుతుంది అనుకున్నాను. కానీ మనిషి బరువు ఎంత పైన ఉంటే పడవ అంత తేలిగ్గా ఒరుగుతుంది. పైగా కాలికి అడ్డంగా అంచు లేకపోతే, తూలిన మనిషి సరాసరి నీళ్లలోకే పోతాడు. ఆ పెద్ద బాస్ బోట్లు 90 అంగుళాలకి పైగా వెడల్పుంటాయి. మన దానికి అందులో సగం కాస్త దాటుతుంది.

రెండోది బరువు. ఇది కొత్తగా పడవ కొన్నవాళ్లు దయచేసి జాగ్రత్తగా చదవండి. అమెరికాలో 20 అడుగుల లోపు ఇలాంటి మోటారు పడవలకి, సాధారణంగా వెనక భాగంలో లోపలివైపు, ఒక రేకు ఉంటుంది. ఎంతమంది ఎక్కొచ్చు, మనుషులూ మోటారూ సామానూ కలిపి ఎన్ని పౌండ్లు ఉండొచ్చు, ఎంత హార్స్‌పవర్ పెట్టొచ్చు అన్నీ దాని మీద ఉంటాయి. మా దాని మీద 760 పౌండ్లు అని ఉంది. డెక్ కట్టే ముందు నేను ఆ రేకు వైపు చూడలేదు. పడవ ఒరిగిన రోజు రాత్రి కాగితం తీసుకుని లెక్క వేశాను. నేను 170. పాప 62. ఇంకో పెద్దమనిషి వస్తే 150. మోటారు 90. పెట్రోలుతో నిండిన ట్యాంకు 24. బ్యాటరీ 55. ముందు భాగంలో పెట్టే ట్రోలింగ్ మోటారు, అంటే మెల్లగా కదలడానికి బ్యాటరీతో నడిచే చిన్న మోటారు, 28. లంగరు 15. రాడ్లు, పెట్టెలు, మంచినీళ్లు, తిండి 40. మొత్తం 634. అంటే డెక్‌కి మిగిలింది 126 పౌండ్లు. తర్వాత పీకినప్పుడు ముక్కలు ముక్కలుగా తూచి చూస్తే నా పాత డెక్ 142 పౌండ్లు ఉంది. ముప్పావు అంగుళం ప్లైవుడ్, దాని కింద ఇల్లు కట్టే రెండు-బై-నాలుగు కర్రలు. గట్టిగా ఉండాలని అనుకున్నానే కానీ, ఆ గట్టితనాన్ని మోసేది నీళ్లని ఆలోచించలేదు.

మూడో తప్పు బయటపడింది మామయ్యగారు వచ్చాకే.

ఆయన ఆర్టీసీ వర్క్‌షాపులో ముప్పై ఏళ్లకి పైగా బస్సు బాడీలు కట్టారు. విజయవాడ మనిషి. ఫ్రేమ్ మీద అల్యూమినియం రేకులు పరిచి రివెట్లు కొట్టడం, బస్సు అడుగున ప్లైవుడ్ వేసి దాని మీద గళ్ల రేకు బిగించడం ఆయన పని. రిటైరై తొమ్మిదేళ్లయింది. ఏప్రిల్‌లో అత్తయ్యగారితో కలిసి ఆరు నెలలకి వచ్చారు. వచ్చిన మూడో రోజే గ్యారేజీలో పడవ చుట్టూ రెండుసార్లు తిరిగి, వేళ్ల మడుపుతో రేకు మీద అక్కడక్కడ కొట్టి చూసి, "ఇది మా బస్సే అల్లుడుగారూ, చక్రాలు లేవంతే" అన్నారు. కార్లు, ఇళ్లు, కాస్ట్‌కో అన్నీ చూపించాం కానీ ఆయన మొహంలో వెలుగు చూసింది ఆ రోజే.

పాత డెక్ విప్పుతుంటే, ప్లైవుడ్ అంచు పడవ పక్క గోడకి ఆనిన చోట రేకు మీద తెల్లటి పొడి కనపడింది. సున్నం రాలినట్టు. ఆయన బొటనవేలి గోరుతో గీకారు. పొడి రాలిపోయి కింద చిన్న చిన్న గుంటలు బయటపడ్డాయి. ఆవగింజంత ఒకటి, దాని పక్కన ఇంకోటి, అలా వరసగా చెయ్యి పొడవున. ఒక గుంటలో గోరు కొన దిగింది. ఆయన ఏమీ అనలేదు. చెక్క ముక్క తీసుకుని వాసన చూశారు. "దీనికి ఏదో మందు పట్టించారు, రాగి మందా?" అని అడిగారు.

అవును, రాగే. షాపులో నేను నీళ్లకి చివకని చెక్క కావాలని అడిగితే ప్రెషర్ ట్రీటెడ్ ప్లైవుడ్ చూపించారు. పెరట్లో కట్టే వాటికి అది మంచి చెక్కే. పురుగు పట్టకుండా, కుళ్లకుండా దానిలోకి మందు ఎక్కిస్తారు. వెనకటి మందులో ఆర్సెనిక్ ఉండేది. 2003 చివరికల్లా ఇళ్ల వాడకానికి దాన్ని ఆపేశారు. తర్వాత వచ్చిన మందుల్లో రాగి పాలు ఎక్కువ. రాగి, అల్యూమినియం, మధ్యలో తడి, ఈ మూడూ కలిస్తే చిన్నపాటి బ్యాటరీలా తయారవుతుంది. అందులో అరిగిపోయేది ఎప్పుడూ అల్యూమినియమే. పడవ రేకు మందం అంగుళంలో పదహారో వంతు. నా డెక్ తొమ్మిది నెలల్లో చేసిన పని అది. ఇంకో రెండు మూడేళ్లు కార్పెట్ కింద అలాగే ఉంచి ఉంటే ఏదో ఒక రోజు నీళ్ల మధ్యలో తెలిసేది. అల్యూమినియం పడవలో ట్రీటెడ్ చెక్క వాడకండి. కింద ప్లాస్టిక్ షీటు వేస్తాను, పెయింట్ వేస్తాను అని సర్దుకోకండి. అసలు వాడొద్దు.

గుంటలు పడిన చోటంతా స్టీలు బ్రష్షుతో రుద్దబోతే మామయ్యగారు ఆపేశారు. స్టీలు రజను అల్యూమినియంలో ఇరుక్కుంటే అదీ మళ్లీ తింటుందట. గరుకు కాగితంతో శుభ్రం చేసి, ఎపాక్సీ (రెండు పదార్థాలు కలిపితే రాయిలా గట్టిపడే జిగురు) పుట్టీ నింపి, ఆరాక సాపు చేశాం. అన్నీ నీటిమట్టానికి పైన ఉండటం మా అదృష్టం.

కొత్త డెక్ మొదలుపెట్టే ముందు ఆయన అడిగిన మొదటి ప్రశ్న "కారుతుందా?" అని. కొంచెం కారేది. వెళ్లొచ్చిన ప్రతిసారీ అడుగున నీళ్లుండేవి, వాన నీళ్లో చేప తడో అనుకునేవాణ్ణి. పడవని ట్రైలర్ మీదే ఉంచి, వెనక బిరడా బిగించి, హోస్‌తో లోపల మూడు అంగుళాల దాకా నీళ్లు పట్టాం. అంతకన్నా ఎక్కువ పట్టకూడదు, నీటి బరువుకి ట్రైలర్ మీద అడుగు వంగిపోతుంది. తర్వాత ముగ్గురం కింద పడుకుని చూశాం. చుక్క కారిన ప్రతి రివెట్ చుట్టూ పాప ఎర్ర మార్కర్‌తో సున్నా చుట్టింది. ఏడు సున్నాలు వచ్చాయి.

ఈ ఏడు రివెట్లు బిగించిన ఉదయం నాకు బాగా గుర్తుండిపోయింది. పని ఇద్దరు చేయాలి. బయట రివెట్ తల మీద బరువైన ఇనప దిమ్మ ఆనించి ఒకరు పట్టుకోవాలి, లోపలి నుంచి తోక మీద ఇంకొకరు సుత్తితో కొట్టాలి. ఆ దిమ్మని వర్క్‌షాపులో డాలీ అనేవాళ్లట. డాలీ నాకు ఇచ్చి, ఆయన పడవలో గొంతుక్కూర్చున్నారు. మొదటి దెబ్బకి నా చెయ్యి వెనక్కి వచ్చేసింది. "చేత్తో కాదండీ, భుజంతో ఆనించండి" అన్నారు. భుజం ఆనించాను. దెబ్బలు మెల్లగా, ఒకే లెక్కలో పడుతున్నాయి. మొదట్లో డొల్లగా డబ్ డబ్ అన్న చప్పుడు ఐదో దెబ్బకో ఆరో దెబ్బకో మారింది. టంగుమని గట్టిగా, పొట్టిగా వినపడింది. ఆయన వెంటనే ఆపేశారు. ఇంకో దెబ్బ కొడితే రేకు సాగిపోయి కన్నం పెద్దదవుతుందన్నారు. చప్పుడు విని ఆపాలట. నాలుగో రివెట్‌కి ఆయన ఆపకముందే నా భుజానికి తెలిసింది, పడిందని. ఏడూ అయ్యాక లోపలి నుంచి రివెట్ల వరస మీద పల్చటి ఎపాక్సీ సీలరు పూశాం. మళ్లీ నీళ్లు పట్టి గంటసేపు చూశాం. కింద సిమెంటు పొడిగానే ఉంది.

ఆ తర్వాతే డెక్.

మధ్య బెంచీ తీసేస్తే నడవడానికి వీలుగా ఉంటుందని నాకు మొదటి నుంచీ ఆశ. వీడియోల్లో చాలామంది తీసేస్తారు. మామయ్యగారు బెంచీ మీద చెయ్యి వేసి, రెండు పక్కల గోడల్నీ విడిపోకుండా పట్టి ఉంచేది ఇదేనని చూపించారు. బస్సుకి అడ్డ దూలాల్లాంటిది. ఇంకో సంగతి, బెంచీల లోపల ఫోమ్ నింపి ఉంటుంది. పడవలో నీళ్లు నిండినా పూర్తిగా మునిగిపోకుండా తేలాలని 20 అడుగుల లోపు ఇలాంటి మోటారు పడవలకి ఇక్కడ కేంద్ర ప్రభుత్వ నిబంధన ఉంది. ఆ తేలించే పని ఈ ఫోమ్‌దే. బెంచీ తీస్తే పడవ ఎముకా పోతుంది, ఊపిరీ పోతుంది. అందుకని మూడు బెంచీలూ అలాగే ఉంచాం. ముందు బెంచీనే డెక్‌కి వెనక ఆసరాగా వాడుకున్నాం. బెంచీ పైభాగం అడుగు నుంచి 12 అంగుళాలు. డెక్ కూడా సరిగ్గా అంతే. దాని మీద నిలబడితే పక్క గోడ ఇంకా 8 అంగుళాలు పైకి ఉంటుంది, నాకు పిక్క దగ్గరికి, పాపకి మోకాలికి కాస్త కిందిదాకా వస్తుంది.

ఫ్రేమ్‌కి కర్ర వాడలేదు. అంగుళంన్నర అల్యూమినియం ఎల్ యాంగిల్, మందం అంగుళంలో ఎనిమిదో వంతు, లోహపు సామాన్లు అమ్మే చోట కొన్నాం. అడ్డంగా మూడు, వాటికి కాళ్లు ఆరు. కాళ్లు పడవ అడుగు రేకు మీద దిగకూడదు, అడుగున అడ్డంగా ఉండే పక్కటెముకల్లాంటి రిబ్బుల మీదే దిగాలి. బరువు రిబ్బు పంచుకుంటుంది, రేకు పంచుకోలేదు. అడుగు రేకుకి ఒక్క కన్నం కూడా వేయలేదు. రివెట్లన్నీ అల్యూమినియంవే, అంగుళంలో పదహారింట మూడు వంతుల లావువి. ప్రతి కన్నం వేశాక మామయ్యగారు కన్నం కన్నా పెద్ద డ్రిల్ బిట్‌ని చేత్తో పట్టుకుని అందులో రెండు చుట్లు తిప్పేవారు. అంచున లేచిన రజను ఉంగరంలా ఊడి వచ్చేది. అది ఉంటే రెండు రేకుల మధ్య సందు మిగిలి, రివెట్ కొన్నాళ్లకి వదులవుతుందని చెప్పారు. నలభై ఎనిమిది కన్నాలకీ, రెండు వైపులా, ఒక్కటీ వదల్లేదు. జూన్‌లో గ్యారేజీ పొద్దున తొమ్మిదికే కాగుతుంది. ఆరింటికి కాఫీ తాగి మొదలుపెట్టి తొమ్మిదికి ఆపేసేవాళ్లం. తర్వాత నాకు ఆఫీసు కాల్స్, ఆయనకి స్నానం, పూజ.

పైన వేసే పలక ఆకారం తీయడం కొంచెం చిక్కు. జాన్ బోట్ ముందుకి సన్నబడుతుంది, గోడలు పైకి పోయేకొద్దీ బయటికి విచ్చుకుంటాయి. టేపుతో కొలిచి కోస్తే కుదరదు, పోయినసారి నాకు ఒక పక్క ముప్పావు అంగుళం సందు వచ్చింది. ఈసారి టీవీ వచ్చిన అట్టపెట్టె విప్పి ఫ్రేమ్ మీద పరిచాం. వృత్తలేఖిని ముల్లు గోడకి ఆనించి లాగుతూ పోతే పెన్సిలు అట్ట మీద అదే వంపు గీస్తుంది. ఆ గీత మీద కోసి, మళ్లీ పెట్టి చూసి, మళ్లీ కోసి, మూడోసారికి అట్ట సరిగ్గా కూర్చుంది. ఆ తర్వాతే ప్లైవుడ్ మీద పెట్టి గీశాం. గోడకీ పలకకీ మధ్య పావు అంగుళం వదిలాం.

ప్లైవుడ్ అర్ధంగుళం మెరైన్ రకం, మందు పట్టించనిది. ధర మామూలు దానికన్నా బాగా ఎక్కువే. మెరైన్ అన్నంత మాత్రాన నీళ్లకి చివకదని కాదు, పొరల మధ్య డొల్లలు ఉండవు, జిగురు నీళ్లకి ఊడదు, అంతే. కుళ్లకుండా కాపాడేది మనం వేసే పూతే. రెండు వైపులా మూడేసి పూతలు ఎపాక్సీ వేశాం, అంచులకి ఐదు. నీళ్లు ఎక్కేది అంచుల నుంచే, స్క్రూ కన్నాల నుంచే. అందుకే ప్రతి స్క్రూ కన్నాన్నీ కాస్త పెద్దగా వేసి, ఎపాక్సీతో నింపి, ఆరాక దాని మధ్యలో అసలు కన్నం వేశాం. ఈ ఒక్క పని రెండు వారాంతాలు తిన్నది.

కింద ఖాళీలో గులాబీ రంగు ఇన్సులేషన్ ఫోమ్ పలకలు కోసి కూర్చాం. నీళ్లు పెద్దగా పీల్చవు, తేలడానికి ఇంకొంచెం సాయం. పెట్రోలు తగిలితే మాత్రం ఆ ఫోమ్ కరిగిపోతుంది, కాబట్టి ట్యాంకు ఎప్పుడూ వెనకే. ఫోమ్ కింద నీళ్లు నిలవకుండా అడుగున దారి వదలడం మర్చిపోకండి. పడవలో, లైవ్‌వెల్‌లో (పట్టిన చేపల్ని బతికించి ఉంచే నీళ్ల తొట్టి) నీళ్లన్నీ వంపేశాకే చెరువు దగ్గర నుంచి కదలాలని టెక్సస్‌లో చట్టం. జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్పలు 2009లో లేక్ టెక్సోమాలో కనపడ్డాయి, 2012 నాటికి రే రాబర్ట్స్‌కి వచ్చేశాయి. వాటి పిల్లలు కంటికి కనపడవు, నిలవ నీళ్లలో ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి ప్రయాణిస్తాయి. డెక్ కింద గ్లాసు నీళ్లు దాక్కున్నా మనం మోసుకెళ్లినట్టే.

పైన కార్పెట్ వద్దని నేనే పట్టుబట్టాను. పాత డెక్ మీద ఉండేది. రోజుల తరబడి తడి ఆరదు, మూడు ముళ్ల గాలాలు దానిలో ఇరుక్కుంటే పీకడానికి పట్టకారు కావాలి. ఈసారి లేత బూడిదరంగు ఈవీఏ ఫోమ్, అంటే మెత్తటి రబ్బరు చాపలాంటిది, అంటించాం. ముదురు రంగైతే టెక్సస్ ఎండకి పాదం పెట్టలేం. ఫోమ్ వల్ల ఇంకో మేలు కూడా జరిగింది, చప్పుడు తగ్గింది. అల్యూమినియం పడవలో సీసం బిళ్ల జారి పడినా డప్పు కొట్టినట్టు ఉంటుంది. చేప ఒంటి పక్కన గీతలా ఉండే భాగంతో నీటి కదలికల్ని పసిగడుతుంది, అంత దగ్గరలో చప్పుడు చేస్తే ఇక ఉండదు.

కరెంటు పని త్వరగానే అయింది. బ్యాటరీని డెక్ కింద పెట్టకుండా మధ్య బెంచీ పక్కకి జరిపాం, ముందు ట్రోలింగ్ మోటారూ పాపా ఉంటే ముక్కు దిగిపోకుండా. గాలి ఆడే చోట, పట్టీతో బిగించి. అక్కడి నుంచి ముందుకి 6 గేజి తీగ, బ్యాటరీకి దగ్గర్లోనే 60 ఆంప్స్ బ్రేకరు. అన్నీ అయ్యాక పలక, ఫ్రేమ్, ఫోమ్ అన్నీ కలిపి తూచి చూస్తే 71 పౌండ్లు.

జులై రెండో శనివారం రే రాబర్ట్స్‌కి తీసుకెళ్లాం. గాలాలు ఏవీ తీసుకెళ్లలేదు. అది పాపకి నచ్చలేదు కానీ ఆ రోజు పని వేరు. ఒడ్డు దగ్గర నడుము లోతులో పడవని ఆపి, మామయ్యగారు నీళ్లలోకి దిగి టేపు పట్టుకున్నారు. ఆయన చిన్నప్పుడు బందరు కాలువలో ఈత నేర్చుకున్న మనిషి, అయినా లైఫ్ జాకెట్ వేసుకోమంటే మాట్లాడకుండా వేసుకున్నారు. నేను డెక్ మధ్యలో నిలబడితే నీటి నుంచి పడవ అంచుకి 13 అంగుళాలు. ఒక పక్కకి పూర్తిగా జరిగి నిలబడితే ఆ పక్క 9. కావాలనే ఒంగి, ఊగి చూశాను. 8కి వచ్చి ఆగింది. ఆయన టేపు మడిచి, "ఇప్పుడు ఎక్కించండి పిల్లని" అన్నారు.

మా పడవలో ఇప్పుడు నియమాలు ఇవి. డెక్ మీద ఒక్కసారికి ఒక్కరే నిలబడాలి. ఒకరు నిలబడితే మిగతావాళ్లు కూర్చునే ఉండాలి, గాలం చెట్టుకి తగులుకున్నా సరే. పెద్ద మోటారు ఆన్‌లో ఉన్నప్పుడు డెక్ మీద ఎవరూ ఉండకూడదు. 13 ఏళ్ల లోపు పిల్లలు ఇలాంటి పడవ కదులుతున్నంతసేపూ లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలని టెక్సస్ చట్టం. మా పడవలో అది అందరికీ.

ఆగస్టులో ఒక పొద్దున పాప డెక్ మీద నుంచి నాచు అంచుకి రబ్బరు కప్పని విసిరింది. పైన తేలుతూ గెంతే ఎర అది. మామయ్యగారు దాన్ని చేతిలోకి తీసుకుని కాళ్లు సాగదీసి చూసి, కొర్రమీనుకి మేం కప్పనే గుచ్చేవాళ్లం అన్నారు. ఆ మాట మీద ఆయనకి కొర్రమీను తినాలనిపించింది. ఇక్కడ దాన్ని స్నేక్‌హెడ్ అంటారనీ, తెలంగాణకి రాష్ట్ర చేప అయినా టెక్సస్‌లో బతికున్న దాన్ని దగ్గర పెట్టుకోవడమే నేరమనీ చెబితే చాలాసేపు నమ్మలేదు. అంతలో నాచు బద్దలైనట్టు చప్పుడైంది. పాప ఒక లెక్క ఆగి, మోకాళ్లు కాస్త వంచి, రెండు చేతులతో గుంజింది. నేను లేవబోయి ఆగాను. పడవ కొంచెం ఊగింది, అంచు ఆమె కాలికి ఆనింది, అంతే. బాస్ 13 అంగుళాలన్నర వచ్చింది. ఉంచుకోవాలంటే 14 ఉండాలి. తాతయ్య పట్టుకుంటే పాప గాలం తీసి వదిలేసింది.

మామయ్యగారు అక్టోబరు మొదటివారంలో వెళ్లిపోయారు. వెనక వైపు కూడా చిన్న డెక్ వేయాలని, దానికి అట్ట ముందే కోసి పెట్టి వెళ్లారు. గ్యారేజీ గోడకి ఆనించి ఉంది. దాని మీద పెన్సిలుతో ఎక్కడ యాంగిల్ రావాలో, ఎక్కడ పావు అంగుళం వదలాలో, ట్యాంకు గొట్టం ఎటు పోవాలో అన్నీ రాశారు. ఒక మూల బాణం గుర్తు వేసి "ఇక్కడ డాలీ పట్టడానికి పాప" అని రాసి ఉంది. యాంగిల్ కొన్నాను. చలి తగ్గాక మొదలుపెడతాం.